శేషారత్నం గారి బేరం

కిస్తీలు కట్టలేకపోయినవాళ్ళ కార్లు వెనక్కి తెచ్చుకోవడం నా ఉద్యోగం. రాజమండ్రిలో ఒక ఫైనాన్సు కంపెనీ బ్రాంచిలో రికవరీ సెక్షన్లో చేరి, అక్కడే రిటైరయ్యాను. మా అన్నయ్య కాలేజీ లెక్చరరుగా చేశాడు. తమ్ముడు పౌరోహిత్యం చేస్తాడు. కొడుకులు ఏం చేస్తున్నారని ఎవరైనా అడిగితే మా అమ్మ వాళ్ళిద్దరి గురించి వివరంగా చెప్పేది. నా దగ్గరికొచ్చేసరికి "వీడు ఆఫీసులో చేస్తాడండి" అనేసి కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళిపోయేది.

ఈమధ్య మా మేనకోడలు అలాంటి కంపెనీలోనే, అలాంటి సెక్షన్లోనే చేరింది. "మావయ్యా, ట్రైనింగులో యాప్ ఎలా వాడాలో చెప్పారు. మనుషులతో ఎలా మాట్లాడాలో నువ్వు రాసిపెట్టు" అంది. రాస్తున్నాను. నా ప్రమోషన్లు, టార్గెట్లు ఇందులో ఉండవు. వాటివల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఒకావిడ దగ్గర. పేరు శేషారత్నం. నాకంటే వయసులో చిన్న, హోదాలోనూ చిన్న. ఆవిడంటే నాకు పదేళ్ళకు పైగా కుళ్ళు. అసూయ అని రాయవచ్చు గానీ ఆ మాట మరీ మర్యాదగా ఉంటుంది.

డిక్కీ సంగతి

ఆవిడ రాకముందు సంగతి ఒకటి చెప్పాలి. నా మొదటి మేనేజరు ప్రసాదరావు గారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. రెండు తాళాలూ అడిగి తీసుకోమన్నది ఆయన నేర్పిన మొదటి పాఠం. కారు ఇచ్చేసినవాడు ఒక తాళం ఇచ్చి, రెండోది బీరువాలో ఉంచుకుంటాడు. మోసం చేద్దామని కాదు. ఎప్పటికైనా బండి తిరిగొస్తుందని ఆశ. ఆ రెండో తాళం కూడా మన చేతిలో పెట్టాకే అతను బండి వదులుకున్నట్టు.

రెండో పాఠం నా తప్పు వల్ల నేర్చుకున్నాను. తుని దగ్గర ఇద్దరు అన్నదమ్ములు చాలా నెలలుగా కిస్తీ కట్టడం లేదు. కారు వాళ్ళ జీడితోటలో ఉందని తెలిసి, పోలీసు స్టేషన్లో ముందుగా చెప్పి, ఇద్దరు మనుషుల్ని తీసుకెళ్ళి యార్డుకు తెచ్చేశాను. బండిలో ఏమేం ఉన్నాయో యార్డులో జాబితా రాయాలి. స్టెప్నీ ఒకటి, జాకీ ఒకటి, గొడుగు ఒకటి, గుడ్డ కట్టిన చిన్న కుండ ఒకటి అని రాసి సంతకం పెట్టాను. మధ్యాహ్నానికి అన్నదమ్ములిద్దరూ బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చారు. వాళ్ళ నాన్నగారు పోయి నాలుగు రోజులైంది. అస్థికలు ఇంట్లోకి తేకూడదని డిక్కీలో ఉంచారు. మర్నాడు అదే కారులో రాజమండ్రి వచ్చి గోదావరిలో కలపాలనుకున్నారు. నేను వాళ్ళ నాన్నగారిని జాకీ, గొడుగుల తర్వాత జాబితాలో రాసేశాను.

ప్రసాదరావు గారు తన గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. అదే కారులో వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టుకుని తనే రేవుకు తీసుకెళ్ళారు. పని అయ్యేదాకా మెట్ల మీద నిలబడ్డారు. అక్కడే అన్నదమ్ముల్లో పెద్దవాడు తడిబట్టలతో రెండో తాళం కూడా ఆయన చేతికిచ్చాడు. ఆఫీసుకొచ్చాక నాతో ఒక్క ముక్క అన్నారు. "మూర్తీ, బండి మనది. బండిలో ఉన్నది మనది కాదు. ముందు డిక్కీ తెరవ్వయ్యా." అమ్మాయ్, నువ్వూ ముందు డిక్కీ తెరువు.

ఇచ్చేస్తే అయిపోదు

ఇది కార్లు కొనేవాళ్ళకీ, కార్లు వెనక్కి తెచ్చేవాళ్ళకీ కూడా. బండి తాళాలు ఇచ్చేస్తే అప్పు తీరిపోయినట్టని చాలామంది అనుకుంటారు. మా కుర్రాళ్ళు చాలామంది ఆ అపోహను సరిచెయ్యరు, సరిచేస్తే తాళాలు ఇవ్వరని. యార్డుకొచ్చిన బండి వేలానికి పోతుంది. వేలంలో పాడేవాడు ఎప్పుడూ తక్కువకే పాడతాడు. ఆ తక్కువైనదంతా బండి పోయినవాడి నెత్తి మీదే ఉంటుంది. కారు లేదు, అప్పు ఉంది. దానికన్నా కంపెనీకి ముందే చెప్పి, మనమే కొనేవాణ్ణి వెతుక్కుని, ఆ డబ్బుతో అప్పు మూసేసుకోవడం ఎంతో నయం. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ మాట అడిగినవాళ్ళకు చెప్పాను. అడగనివాళ్ళకు చెప్పలేదు. అది నా తప్పుల్లో చిన్నది.

కట్టలేమని తెలిశాక కూడా జనం ఎందుకు ఇవ్వరంటే, కారు మీద ప్రేమతో కాదు. వీధి కోసం. మన వైపు కారు కొంటే అన్నవరం తీసుకెళ్ళి పూజ చేయిస్తారు, ఆ ప్రసాదం వీధంతా పంచుతారు. ఇంటింటికీ తెలిసి వచ్చిన బండి ఇంటింటికీ తెలియకుండా ఎలా పోతుంది? అమ్మేశారంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఫైనాన్సువాళ్ళు పట్టుకుపోయారంటే మర్నాటి నుంచి పాలవాడు కూడా మాట తేడాగా మాట్లాడతాడు. ఇది మేమందరం ఎరిగిందే. ఎరిగి ఏం చెయ్యాలో కనిపెట్టింది మాత్రం శేషారత్నం ఒక్కతే.

బేరం

ఆవిడ మొదట కస్టమర్లకు ఫోన్లు చేసే సీటులో ఉండేది. అక్కడ ఉండగానే ఈ పద్ధతి మొదలుపెట్టింది. కట్టలేమని తేలిపోయినవాళ్ళతో ముందే ఫోనులో అంతా మాట్లాడుకునేది. అనుకున్న రోజున పట్టుచీర కట్టుకుని, భర్త సూర్యారావును వెంటబెట్టుకుని, కారు కొనడానికి వచ్చినదానిలా వాళ్ళింటికి వెళ్ళేది. సూర్యారావుకు దేవీచౌక్ దగ్గర దర్జీ దుకాణం. ఆ రోజుకి దుకాణం మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారు చుట్టూ మూడుసార్లు తిరిగేవాడు. బానెట్ ఎత్తించేవాడు. టైర్లు నొక్కి చూసి, "వెనకవి అరిగిపోయాయి కదండీ" అని ఎదురింటికి వినబడేలా అనేవాడు. ఇంటాయన "ఎక్కడండీ, మొన్న సంక్రాంతికేగా మార్పించాను" అని తగులుకునేవాడు. ఆవిడేమో అరుగు మీద ఇంటావిడతో కూర్చుని కాఫీ తాగుతూ, "ఇంకొంచెం చూసి చెప్పండి అన్నయ్యగారూ" అంటూ బేరంలో చెయ్యి వేసేది. బేరం కుదిరాక లోపలికెళ్ళి సరెండర్ కాగితం మీద సంతకాలు, రెండు తాళాలూ. ఇంటావిడ బొట్టుపెట్టి జాకెట్టు గుడ్డ ఇచ్చేది. సూర్యారావు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి బండి తీసేవాడు. వీధిలో అందరూ మంచి రేటు వచ్చిందనుకునేవాళ్ళు.

పాలకొల్లులో ఒకాయన అయితే ఈ ఆటలో మునిగిపోయి, "ఆ రేటుకైతే నేనివ్వనండి, నా బండి అలాంటిది కాదు" అని నిజంగానే అలిగి కూర్చున్నాడట. చేతికి ఒక్క రూపాయి రాని బేరం. సూర్యారావు ఇంకో పాతికవేలు పెంచితే గానీ తాళాలు ఇవ్వలేదట. ఈ కథ శేషారత్నం ఆఫీసులో చెప్పినప్పుడు అందరూ పడీపడీ నవ్వారు. నేను ఫైలులో తల పెట్టుకున్నాను.

నా కుళ్ళు ఎక్కడిదంటే, మేమిద్దరం చేసే పని ఒకటే. పోయేది అదే కారు, మిగిలేది అదే అప్పు. కానీ నరసాపురంలో ఒక వీధి చివర ఇంట్లో నేను బండి తీసుకున్నప్పుడు ఆ ఇంటావిడ అరుగు మీద లేసు అల్లుకుంటూ కూర్చుంది. నేను వచ్చినప్పుడూ తలెత్తలేదు, సంతకం తీసుకున్నప్పుడూ తలెత్తలేదు, వెళ్ళొస్తానంటే కూడా ఎత్తలేదు. అదే వీధిలో మరుసటి ఏడాది శేషారత్నం ఒక బండి తెచ్చింది. ఆవిడకు చేత్తో అల్లిన లేసు బల్లగుడ్డ ఇచ్చి పంపారు. ఆ గుడ్డ ఆవిడ తన ఆఫీసు బల్ల మీద పరుచుకుంది. దాని మీద టీ ఒలికితే బాగుండునని నేను చాలాసార్లు కోరుకున్నాను. ఎవరెవరి ఇళ్ళ నుంచో ఆవిడకు పనసకాయలు వచ్చేవి, మామిడిపళ్ళు వచ్చేవి, పెళ్ళి శుభలేఖలు వచ్చేవి. ముప్ఫై ఏళ్ళలో నాకు మంచినీళ్ళు ఇచ్చిన ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

నేనూ ప్రయత్నించాను. మా ఆవిడను రమ్మన్నాను. "మీరు బండి పట్టుకొచ్చే ఇంట్లో నేను బొట్టు పెట్టించుకోనండి, నాకు భయం" అంది. సరేనని ఒక్కణ్ణే రావులపాలెంలో ఒకరింటికి కొనేవాడిలా వెళ్ళాను. కారు చుట్టూ ఒక చుట్టు తిరిగానో లేదో, ఇంటి ముసలావిడ వీధిలోకి వినబడేలా "ఫైనాన్సు నించి వచ్చావా బాబూ" అంది. నా ముఖంలో ఏముందో నాకు తెలియదు. చేతిలో ఫైలు సంచీ మాత్రం ఉంది, మర్చిపోయి తీసుకెళ్ళాను.

ఆ తర్వాత వచ్చిన మేనేజరు చిన్నవాడు, హైదరాబాదు నుంచి వచ్చాడు. ఒక మీటింగులో అందరి ముందూ, "మూర్తి గారూ, మీరు కూడా మేడంతో రెండుసార్లు ఫీల్డుకి వెళ్ళండి. పద్ధతి నేర్చుకోవచ్చు" అన్నాడు. శేషారత్నం తలదించుకుంది. నా కోసం సిగ్గుపడింది. అది ఇంకా మండించింది.

కడియం

ఆ మీటింగు జరిగిన వారంలోనే సత్తిబాబు ఫైలు వచ్చింది. సత్తిబాబుది కడియం. సొంత భూమి లేదు, కౌలు తోటలో నర్సరీ. కడియంలో చిన్న నర్సరీవాడి దగ్గర లారీకి సరిపడా మొక్కలు ఉండవు. ఆర్డరు వచ్చినప్పుడు చుట్టుపక్కల తోటల్లోంచి మొక్కలు ఎత్తి లారీ నింపుతాడు. డబ్బు వచ్చాక ఎవరిది వాళ్ళకు ఇస్తాడు. కాగితం ఉండదు, మాట మీద నడుస్తుంది. మాట పోయినవాడికి పక్క తోటలోంచి గులాబీ అంటు కూడా రాదు.

పై రాష్ట్రంలో ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ వాళ్ళు సత్తిబాబు దగ్గర లారీలకు లారీలు మొక్కలు తెప్పించుకుని డబ్బు ఎగ్గొట్టారు. అతను భార్య మంగ బంగారం అమ్మి తోటలవాళ్ళకు ఇవ్వాల్సింది ఇచ్చేశాడు. మాట నిలబెట్టుకున్నాడు. కారు కిస్తీలు మాత్రం ఆగిపోయాయి. శేషారత్నం అతనితో మాట్లాడి, సోమవారం నా దగ్గరికొచ్చి, "సార్, గురువారం వెళ్తున్నాను. ఆ ఫైలు నాకు వదిలెయ్యండి. ఆయనకి ఊళ్ళో పేరు చెడకూడదు, పేరు పోతే తోటే పోతుంది" అంది.

సరేనన్నాను. బుధవారం పొద్దున్నే నేను వెళ్ళాను.

కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. నోటీసు గడువు అయిపోయింది, స్టేషన్లో చెప్పాను, అరుపులు లేవు, తోపులాట లేదు. చట్టం ప్రకారం ఎవరూ నన్ను ఒక్క మాట అనడానికి వీల్లేదు. అప్పుడు తోట ముందు లారీకి లోడింగు జరుగుతోంది. పక్క తోటల నుంచి మనుషులు కుండీలు నెత్తిన పెట్టుకుని వస్తున్నారు. సత్తిబాబు నన్ను పక్కకు పిలిచి, మెల్లగా అడిగాడు.

"రేపు మేడం గారు వస్తానన్నారండి. ఈ ఒక్క రోజూ ఆగుతారా అండి?"

"రేపటి సంగతి నాకు తెలీదండి. ఈరోజుకి ఆర్డరుంది" అన్నాను.

అతను జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు. మంగ లోపలి నుంచి రెండో తాళం తెచ్చి, చీర చెంగుతో తుడిచి ఇచ్చింది. నా మనుషులు బండిని వెనక్కి తీస్తుంటే లోడింగు ఆగిపోయింది. పక్క తోట ఆసామి గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. సత్తిబాబుతో ఏమీ అనలేదు. తన కూలీలతో మాత్రం, "ఒరేయ్, ఆ కుండీలు తిరిగి మన తోటలో పెట్టెయ్యండ్రా" అన్నాడు. వాళ్ళు కుండీలతో అలాగే వెనక్కి తిరిగారు. డిక్కీ తెరిచి చూశాను. ఖాళీగా, శుభ్రంగా కడిగి ఉంది.

సొరుగు

గురువారం పదకొండు గంటలకు శేషారత్నం ఆఫీసుకు వచ్చింది. వెంట సూర్యారావు లేడు. నరసాపురం లేసు వ్యాపారి ఒకాయన, ఆయన భార్య ఉన్నారు. వాళ్ళను బయట కూర్చోబెట్టి నా బల్ల దగ్గరికొచ్చింది.

"సార్, ఈసారిది నిజం బేరం. వీళ్ళు సత్తిబాబు గారి బండి కొంటామన్నారు. అప్పు మొత్తం తీరిపోయే రేటు. ఈరోజు బండి వదిలిపెడితే, సత్తిబాబు గారే కడియం తోలుకెళ్తారు. ఏదో పొరపాటున తీసుకెళ్ళారని ఊళ్ళో చెప్పుకుంటారు. రేపు అక్కడే, అందరి ముందూ అమ్మకం చేయిస్తాను" అంది.

నేను ఆటనుకున్నది ఈసారి ఆట కాదు. నేనే కదిలించకుండా ఉంటే సత్తిబాబు అప్పు లేకుండా, మాట పోకుండా బయటపడి ఉండేవాడు. అప్పటికీ మించిపోలేదు. ఫైలు హెడ్డాఫీసుకు చేరితేనే బండి వదలడం కష్టం. ఫైలు నా సొరుగులో ఉంది. నా మోకాలు ఆ సొరుగుకి ఆనుకునే ఉంది.

"నిన్న సాయంత్రమే కొరియర్లో వెళ్ళిపోయిందమ్మా. నా చేతుల్లో లేదు" అన్నాను.

ఎందుకన్నానో మేనకోడలికి అర్థమయ్యేలా రాయాలని చాలాసేపు ఆలోచించాను. అంత ఆలోచించాల్సిన పనేమీ లేదు. బండి వదిలితే అది శేషారత్నం కథల్లో ఇంకో కథ అయ్యేది. ఆఫీసులో అందరూ వినేవాళ్ళు. అందులో నేను తెలివితక్కువవాణ్ణి అయ్యేవాణ్ణి. అంతే. ఒక మనిషి తోట ఒకవైపు, నా మీద నలుగురు నవ్వే నవ్వు ఒకవైపు. నేను నవ్వుకే భయపడ్డాను.

లేసు వ్యాపారి మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్ళిపోయాడు. శుక్రవారం భీమవరంలో వేరే కారు కొనుక్కున్నాడని తెలిసింది. నేను గురువారం సాయంత్రమే ఫైలు కొరియర్ అతనికి నా చేత్తో ఇచ్చాను. శనివారం శేషారత్నం కొరియర్ రిజిస్టరు సరిచూస్తూ ఆ తేదీ చూసింది. రిజిస్టరు మూసి నా దగ్గరికొచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ అరవడానికి సిద్ధంగా ఉన్నాను.

"సత్తిబాబు గారికి నేను చెప్పను సార్. మీ కోసం కాదు. ఒక్క సొరుగు తీస్తే దక్కేదని తెలిస్తే ఆయన తట్టుకోలేరు" అంది.

తర్వాత జరిగినవి జరిగినట్టు చెబుతాను. కారు వేలంలో తక్కువకు పోయింది, మిగిలిన అప్పు సత్తిబాబు మీద పడింది. పక్క తోటలవాళ్ళు మొక్కలివ్వడం మానేశారు. ఏడాది తిరగకుండా అతను కౌలు వదులుకున్నాడు. అమ్మాయ్, మీ ట్రైనింగులో దీన్ని విజయవంతమైన కేసు అంటారు. మా నెలవారీ చార్టులోనూ అలాగే ఎక్కింది, నా పేరు మీద.

మొక్కలు కొనడానికి వెళ్ళి

రిటైరయ్యాక మేడ మీద పెట్టుకోవడానికి క్రోటన్లు, నాలుగు మల్లె అంట్లు తెమ్మని మా ఆవిడ అంది. రాజమండ్రిలోనూ దొరుకుతాయి. నేను ఆటో కట్టించుకుని కడియం వెళ్ళాను. ఎందుకు వెళ్ళావని అడిగితే మొక్కల కోసమనే చెబుతాను.

రోడ్డు పక్క ఒక పెద్ద నర్సరీలో, నీడ వల కింద నేల మీద కూర్చుని ఒకతను గులాబీ అంట్లు కడుతున్నాడు. సత్తిబాబే. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పోల్చుకోడనుకున్నాను.

"బావున్నారా సార్. రండి, కూర్చోండి" అని ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు. కూలికి చేస్తున్నానని, మంగ కూడా ఇక్కడే మట్టి కలుపుతుందని, అప్పు కిందటేడే తీరిందని చెప్పాడు. మంగ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను.

"మీరెంతో మంచివారని మేడం గారు చెప్పారండి. కాయితాలు వెళ్ళిపోయాయి గానీ లేకపోతే సారే దగ్గరుండి బండి వదిలించేవారు, చాలా బాధపడ్డారు అని చెప్పారండి. మీ డ్యూటీ మీది, మిమ్మల్నేం అనుకోలేదండి మేము" అన్నాడు.

అప్పుడు నాకు సిగ్గు వేసిందని రాస్తే ఎవరైనా నమ్ముతారు. వేసింది కూడా. కానీ అంతకు ముందు కోపం వచ్చింది. నేను తాగిన ఆ మంచినీళ్ళు కూడా ఆవిడ ఇప్పించినవే. వీళ్ళ దగ్గర నాకున్న మంచి పేరు ఆవిడ పెట్టిన భిక్ష. నేను చేసిన తప్పు కూడా నాది కాకుండా ఆవిడ దగ్గరే భద్రంగా ఉంది.

"కాయితాలు వెళ్ళలేదు సత్తిబాబూ. నా సొరుగులోనే ఉన్నాయి. నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

అతను అంటు కట్టే పురికొస చేతికి చుట్టుకున్నాడు. మంగ మట్టి కలపడం ఆపింది.

"ఆవిడకి తెలుసా అండి?" అన్నాడు.

తెలియదు అనవచ్చు. ఆ ఒక్క ముక్క చాలు. నా జీవితంలో ఎవరికైనా మేలు చేసే అబద్ధం చెప్పగలిగిన చోటు అదొక్కటే. ఆవిడ నా సొరుగు సంగతి ఎందుకు దాచిందో నాకు బాగా తెలుసు, అతని కోసమేనని తెలుసు.

"తెలుసు" అన్నాను. "అప్పుడే తెలుసు."

అతని ముఖం చూశాను. చూడాలనే చూశాను. పదేళ్ళుగా ఆవిడ వెళ్ళిన ఇంట్లో ఆవిడ గురించి ఒక్కరు ముఖం చిట్లిస్తే చూడాలనుకున్నాను. నాకు సంతోషం కలిగింది. అది దాచి రాస్తే ఈ కాగితాలకు అర్థం లేదు.

అతను క్రోటన్లు ఏరాడు, మల్లె అంట్లకు వేళ్ళు కదలకుండా గోనె చుట్టాడు, ఆటోలో సర్దాడు. యజమాని చెప్పిన రేటే తీసుకున్నాడు. "రెండ్రోజులు నీడలో ఉంచండి, ఆనక ఎండకి మార్చండి" అన్నాడు. మళ్ళీ రండి అని మాత్రం అనలేదు. నేను ఆటో ఎక్కేసరికి అతను జేబులోంచి ఫోను తీసి నంబరు నొక్కుతున్నాడు. ఎవరికో నాకు తెలుసు. ఇంజను ఆపమని ఆటో అతనికి చెప్పాను. ఏదో వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకుంటూ విన్నాను.

"అమ్మా, సత్తిబాబునండి... ఆయ్, బావున్నామండి." కొంచెంసేపు ఆగాడు. మంగ అతని ముఖంలోకే చూస్తోంది. "ఏం లేదండి, ఊరికే చేశాను... ఆదివారం వస్తున్నారు కదండీ? మీరూ, సూర్యారావు గారూ ఇద్దరూ రావాలి. పనసకాయ దించి ఉంచానండి. మంగ కూర వండుతానంటోంది... ఆయ్. ఆయ్. మరిచిపోకండి."

ఫోను జేబులో పెట్టుకుని అతను తిరిగి అంట్ల దగ్గర కూర్చున్నాడు. నేనింకా అక్కడే ఉన్నానని అతనికి తెలుసు. తలెత్తలేదు.

"దొరికిందా అండి?" అన్నాడు ఆటో అతను.

"పోనీ" అన్నాను.